ఇనుప దారిన గద్దల కొండకు

తాటిచెట్టు ఎక్కే మనిషిని మీరు చూసే ఉంటారు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుంటాడు. మోకును మూరెడు పైకి జరుపుతాడు, కాళ్ళు పైకి లాక్కుంటాడు, మళ్ళీ మోకు జరుపుతాడు. కింద నిలబడి చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతవి. అతను మాత్రం మట్టల మధ్య నిలబడి పక్క చెట్టుమీది మనిషితో తీరిగ్గా కబుర్లు చెబుతూ ఉంటాడు. ఆ ధైర్యం కొంత అతనిది, కొంత మోకుది.

ఇవాళ మీరు నాతో రాబోయే చోట తాటిచెట్లు లేవు. నిటారుగా నిలబడిన రాతి గోడలున్నవి. వాటికి మనుషులు ఉక్కు తాళ్ళు బిగించి, ఇనుప మెట్లు దిగగొట్టి దారులు వేశారు. ఆ కొండల గోడలలోనే గద్దలు కూడా గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతవి. దారి మనుషులది, గోడ గద్దలది. ఈ రెండూ ఎలా పొసుగుతున్నవో చూసి వద్దాం, రండి.

ఇటలీ దేశపు పటం ముందు పెట్టుకోండి. బూటు ఆకారంలో ఉంటుంది గదా! ఆ బూటు పైఅంచున, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరగా వేలు పెట్టండి. అక్కడ ఆల్ప్స్ పర్వతాలలో ఒక భాగాన్ని డోలమైట్స్ అంటారు. వాటి నడుమ లోయలో కోర్టినా దంపెజ్జో అనే చిన్న ఊరున్నది. సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైన ఉన్నది. 1956లో శీతకాలపు ఒలింపిక్ పోటీలు జరిగినది ఈ ఊళ్ళోనే.

ఈ కొండల పేరు వెనక ఒక మనిషి ఉన్నాడు. దొలొమియో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతాలలో తిరుగుతూ ఇక్కడి తెల్లని రాయిని పరీక్షించాడు. చూడటానికి అది సున్నపురాయే. సున్నపురాయి మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగాలి. ఈ రాయి సరిగా పొంగలేదు! ఇదేమిటని ఆయన 1791లో వ్యాసం రాశాడు. ఆ రాతిలో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్నదని తరువాత తేలింది. రాయికి ఆయన పేరే పెట్టారు. రాయి పేరు కొండలకు వచ్చింది. ఒక చుక్క పొంగనందుకు ఒక పర్వతశ్రేణికే పేరు మారిందన్నమాట.

ఇంకో విచిత్రం. ఈ కొండలన్నీ ఒకప్పుడు వెచ్చని సముద్రం అడుగున పుట్టినవి. సుమారు 23 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ లోతులేని సముద్రముండేది. గవ్వలూ, నాచులూ, పగడాల వంటి జీవుల పెంకులూ పొరలు పొరలుగా పేరుకున్నవి. తరువాత భూమి పొరలు ఒకదానినొకటి నెట్టుకోవటంతో, మన హిమాలయాల మాదిరిగానే, అవి పైకి లేచినవి. అందుచేత 3,000 మీటర్ల ఎత్తున కూడా రాతిలో గవ్వల గుర్తులు కనిపిస్తవి. మీరు చెయ్యి వేసి పట్టుకోబోయే రాయి ఒకనాటి సముద్రపు నేల.

కోర్టినా చుట్టూ ఉన్న కొండలలో కొంత భాగాన్ని 1990లో ప్రకృతి రక్షణ పార్కుగా ప్రకటించారు. దాని ఆలనాపాలనా చూసేది ఆ ఊరి పాత కుటుంబాల ఉమ్మడి సంస్థ. దాన్ని ‘రెగొలె’ అంటారు. అక్కడి అడవులూ పచ్చిక బయళ్ళూ మధ్యయుగం నుంచి ఆ కుటుంబాలకు ఉమ్మడి ఆస్తి. ఎవరి వాటా వారు పంచుకోవటానికి వీల్లేదు, అమ్ముకోవటానికి అసలే వీల్లేదు. కలపగాని, మేతగాని అందరూ కలిసి నిర్ణయించుకునే వాడుకోవాలి. అన్నదమ్ములు గట్టు కోసం కోర్టుకెక్కటం చూసిన మనకు ఈ ఏర్పాటు కొంచెం వింతగానే ఉంటుంది.

సరే, కొండ దగ్గరకు పోదాం.

పొద్దున్నే గైడు వచ్చాడు. ఇటలీలో కొండ గైడు కావాలంటే మాటలు కాదు. రాతి మీదా, మంచు మీదా ఏళ్ళ తరబడి శిక్షణ పొంది పరీక్షలు నెగ్గాలి. కోర్టినా గైడులంటే పెట్టింది పేరు. ప్రపంచంలో రెండవ ఎత్తయిన శిఖరం కె-2ను 1954 జులై 31న మొట్టమొదట ఎక్కిన ఇద్దరిలో ఒకడైన లీనో లాచెదెల్లి ఈ ఊరి గైడే. ఇక్కడి కుర్రవాళ్ళు 1939లో పెట్టుకున్న ఎక్కుడుగాళ్ళ సంఘంలో ఆయన సభ్యుడు. ఆ సంఘం పేరు ఏమిటో తెలుసా? ‘ఉడుతలు’!

గైడు ముందుగా మీ పేరు అడగడు. మీ బరువు అడుగుతాడు. ఎందుకో చెబుతాను.

మనం ఎక్కబోయే దారిని ఇటలీ భాషలో ‘వియా ఫెర్రాటా’ అంటారు. అంటే ఇనుప దారి. కొండ గోడ పొడుగునా ఒక ఉక్కు తాడు ఉంటుంది. కొన్ని మీటర్లకొక చోట దాన్ని రాతిలోకి దిగిన మేకుకు బిగించి ఉంచుతారు. కాలు పెట్టటానికి చోటులేని తావులలో ఇనుప కమ్మీలు మెట్లలాగా పాతుతారు. ఎక్కేవాడి తల మీద గట్టి టోపీ ఉంటుంది. తొడలకూ నడుముకూ పట్టీలు బిగించి ఉంటవి. నడుము దగ్గరనుంచి రెండు పట్టెడలు వేలాడుతూ ఉంటవి, వాటి చివర రెండు కొక్కేలు. ఆ రెండు కొక్కేలనూ ఉక్కు తాడుకు తగిలించి ఎక్కుతూ పోవాలి. మేకు అడ్డు వచ్చినప్పుడు ఒక కొక్కెం తీసి మేకుకు అవతల తగిలించాలి. అది ‘టక్’మని మూసుకున్న తరువాతనే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీయరాదు. తాటిచెట్టు మోకు సంగతి ఇక్కడ జ్ఞాపకం పెట్టుకోండి.

మరి పడితే? ఇక్కడ కొంచెం లెక్క ఉన్నది. రెండు మేకుల నడుమ నాలుగు మీటర్ల దూరమున్నదనుకోండి. పై మేకును దాదాపు అందుకోబోతూ మీరు జారారు. కొక్కేలు ఉక్కు తాడు వెంట జర్రున జారి కింది మేకు దగ్గర ఆగుతవి. అంటే మీరు నాలుగు మీటర్లు పడ్డారు. పట్టెడ పొడుగు కూడా కలిపితే అయిదు మీటర్లకు పైమాటే. అప్పుడు ఠక్కున ఆగితే నడుము విరుగుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి లాగరూ? లాగకపోతే అరచేతులు మండిపోతవి. అదే ఉపాయం ఇక్కడా ఉన్నది. నడుము దగ్గర చిన్న సంచిలో ఒక పట్టీని మడతలు పెట్టి దట్టంగా కుట్టి ఉంచుతారు. మనిషి పడ్డప్పుడు ఆ కుట్లు పుటపుటమని ఒక్కొక్కటే తెగుతవి. మడత విప్పుకుంటూ పోతుంది. దెబ్బ మెల్లగా, కొంత దూరం మేర తగులుతుంది. ఒకసారి పడితే ఆ సంచి పని అయిపోయినట్టే, కొత్తది కొనవలసిందే.

ఇప్పుడు బరువు సంగతి. ఆ కుట్లు తెగాలంటే తగినంత బరువు పడాలి గదా! ఈ సాధనాలకు యూరపులో 2017లో చేసిన నిబంధన ప్రకారం అవి 40 కిలోల నుంచి 120 కిలోల వరకు బరువున్న వాళ్ళకే. మీ బరువు 32 కిలోలనుకోండి. మీరు పడితే కుట్లు సరిగా తెగవు. పట్టీ విప్పుకోదు. పెద్దవాణ్ణి కాపాడే సంచి మీ విషయంలో వట్టి రాయిలా ఊరుకుంటుంది. అందుకనే గైడు మీ నడుముకు తన తాడు కట్టి, తాను పైన నిలబడి, ఆ తాడును బిగువుగా పట్టుకుంటాడు. అలా పట్టుకున్నప్పుడు మీరు జారినా జానెడో మూరెడో జారుతారే గాని పడరు. “నేనేమన్నా పసివాణ్ణా, తాడు కట్టటానికి?” అని కొందరు పిల్లలు మొహం ముడుచుకుంటారట. తూకం యంత్రానికి పౌరుషం తెలియదు.

ఊరికి ఉత్తరాన ఫానెస్ అనే వాగు ఉన్నది. అది కొండల మీదినుంచి ఇరుకు లోయలోకి దూకుతుంది. మనం ఎక్కే దారి ఆ జలపాతం దగ్గర. ఈ ప్రాంతంలోని ఇనుప దారులలో ఇది సులువైన వాటి కింద లెక్క. అడవిలో చాలా సేపు నడవాలి. స్ప్రూస్ చెట్లూ, లార్చ్ చెట్లూ సూదుల్లాంటి ఆకులతో నిలబడి ఉంటవి. నీటి మోత ముందు వినబడుతుంది, నీళ్ళు తరువాత కనబడతవి.

ఇక మీరు గోడ అంచున ఉన్నారు. కాలి కింద పాదం వెడల్పు చోటున్నది. కుడి చెయ్యి ఉక్కు తాడు మీద. తాడు చల్లగా ఉన్నది. కొక్కెం తీయండి, తగిలించండి. టక్. రెండోది తీయండి, తగిలించండి. టక్. మొదటి పది మేకుల దగ్గరా చేతులు వణుకుతవి. తరువాత చేతులకే పని తెలిసిపోతుంది. దారి మెల్లగా జలపాతం వైపు వంగి, చివరకు నీటి తెర వెనకకే తీసుకుపోతుంది! మీకు ఒక పక్క తడిసిన రాయి, ఇంకో పక్క పైనుంచి పడుతున్న వాగు. తుంపర మొహానికి కొడుతుంది. గైడు ఏదో అరుస్తాడు గాని, ఒక్క మాటా వినబడదు. తాడును రెండుసార్లు గుంజుతాడు. ఆ సంజ్ఞ కిందనే నేర్పాడు: ‘రా, నేను పట్టుకున్నాను’ అని దాని అర్థం.

అవతల పక్క ఎండ తగిలే చరియ మీద కూర్చుని రొట్టె తింటూ ఉండగా గైడు ఆకాశంలోకి చూపించాడు. కొండ కొమ్ముకు పైన ఒక నల్లని గీత. రెక్క ఆడించటం లేదు. గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ పైకి పోతున్నది. అది బంగారు గద్ద.

దాని రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లకు పైన ఉంటవి. మీరు మంచం మీద పడుకున్న పొడుగు కంటే ఎక్కువ. బరువు మటుకు ఆరు కిలోలకు మించటం అరుదు. మెడ వెనక ఈకలు ఎండలో బంగారంలా మెరుస్తవి గనుక ఆ పేరు వచ్చింది. రెక్క ఆడించకుండా పైకెలా పోతుందంటారా? పొద్దెక్కేసరికి ఎండ తగిలి రాతి గోడ వేడెక్కుతుంది. గోడను ఆనుకున్న గాలి కూడా వేడెక్కి తేలికపడి పైకి లేస్తుంది. గద్ద ఆ గాలి మీద ఎక్కి కూర్చుంటుంది. మనం ఇనుప మెట్లు ఎక్కుతాము, అది గాలి మెట్లు ఎక్కుతుంది.

ఈ గద్దకు వేసవిలో ముఖ్యమైన ఆహారం మార్మట్. అది ఉడుత జాతి జంతువు. బాగా బలిసిన పిల్లి అంత ఉంటుంది. మన లడఖ్ కొండలలో కూడా దాని చుట్టాలున్నవి. ఎత్తైన పచ్చిక బయళ్ళలో బొరియలు తవ్వుకుని కుటుంబాలుగా బతుకుతుంది. ఏడాదిలో సగం నిద్రలోనే గడుపుతుంది. మేస్తున్నప్పుడు వాటిలో ఒకటి నిటారుగా నిలబడి కాపలా కాస్తుంది. గద్ద నీడ కనబడిందా, కీచుమని ఈల వేస్తుంది. క్షణంలో బయలంతా ఖాళీ!

గద్ద గూడు ఎక్కడ ఉంటుందో ఊహించండి. అన్నిటికంటే ఎత్తైన శిఖరం మీద అనుకుంటున్నారు గదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాని గద్ద మనకంటే తెలివైనది. వేట దొరికేది పైన, పచ్చిక బయళ్ళలో. మూడు కిలోల మార్మట్‌ను కాళ్ళతో పట్టుకుని ఇంకా పైకి ఎగరటం కష్టం, కిందికి జారటం తేలిక. అందుకని చాలా గద్దలు వేట స్థలానికి దిగువన, గోడ నడిమి ఎత్తున, పైన రాయి గొడుగులా ఉన్న చరియ చూసుకుని గూడు కడతవి.

పేచీ ఇక్కడే వస్తుంది. గోడ నడిమి ఎత్తు, మంచి చరియ, ఎండ తగిలే వైపు. ఇనుప దారి వేసేవాళ్ళకు నచ్చే చోటు కూడా సరిగ్గా అదే!

గద్ద మార్చి నెలలో, ఇంకా మంచు కరగకముందే, సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. నలభై మూడు, నలభై నాలుగు రోజులు పొదుగుతుంది. ఆ రోజులలో ఎదురుగా మనుషులు కనబడి తల్లి లేచిపోతే, గుడ్లు చల్లబడి పాడవుతవి. పిల్ల బయటికి వచ్చాక రెక్కలు రావటానికి ఇంకో రెండున్నర నెలలు పడుతుంది. రెండు పిల్లలు పుడితే పెద్దది చిన్నదాన్ని పొడిచి చంపటం కూడా జరుగుతుంది. చివరకు ఒక ఏడాదికి ఒక జంటకు దక్కేది ఒక పిల్ల. కొన్ని ఏళ్ళు అదీ దక్కదు. ఒక జంటకు అనేక పదుల చదరపు కిలోమీటర్ల కొండ కావాలి. అందుకని ఒక్క గూడు చెడినా ఆ లోయకంతటికీ ఆ ఏడు పిల్ల లేనట్టే.

ఆల్ప్స్‌లో రక్షిత ప్రాంతాలవాళ్ళు దీనికి చేసే పనులు చూడటానికి గొప్పగా ఉండవు. గూడు ఉన్న గోడను దూరంనుంచి దుర్భిణిలో కనిపెడతారు. పిల్లకు రెక్కలు వచ్చేదాకా ఆ గోడ ఎక్కవద్దని బోర్డు పెడతారు. గద్దకు ఒకటి కంటే ఎక్కువ గూళ్ళుంటవి, ఒక ఏడు ఒకటి, ఇంకో ఏడు ఇంకోటి వాడుతుంది. అందుచేత మూసే గోడ కూడా ఏడాదికొకటి కావచ్చు. గైడు అన్నవాడికి ఇది తెలిసి ఉండాలి. గూడు ఎక్కడో మాత్రం వచ్చినవాళ్ళకు చెప్పడు. చెబితే మరునాడే పదిమంది కెమెరాలతో దిగుతారు. ఇక కొత్త ఇనుప దారులు అసలు వెయ్యవద్దనేవాళ్ళూ అక్కడే ఉన్నారు. కొండకు నిచ్చెన వేసి ఎక్కటం ఎక్కటమేనా అని వారి ప్రశ్న. పిల్లలు, వయసు మళ్ళినవారు కూడా గోడ మీదికి రాగలిగేది ఈ దారులవల్లనే గదా అని మరికొందరి జవాబు. నాకు రెండు మాటలలోనూ న్యాయం కనబడుతున్నది. ఉన్న దారులు చాలుననిపిస్తున్నది.

అసలు ఈ కొండలకు ఇంత ఇనుము ఎలా వచ్చింది? ఆల్ప్స్‌లో కొన్ని శిఖరాలకు పందొమ్మిదో శతాబ్దంలోనే మేకులు కొట్టి తాళ్ళు కట్టారు. కాని డోలమైట్స్‌లో ఎక్కువ భాగం తెచ్చినది యుద్ధం. 1915 మే నెలలో ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధం ప్రకటించింది. సరిహద్దు ఈ శిఖరాల మీదనే ఉన్నది. 1917 శరత్కాలం దాకా రెండు వైపుల సైనికులూ ఈ గోడలకే అంటిపెట్టుకుని పోరాడారు. తిండి, మందుగుండు, ఫిరంగి ముక్కలు, గాయపడ్డవాళ్ళు – అన్నిటినీ గోడల మీదుగా ఎక్కించాలి, దించాలి. అందుకని తాళ్ళు, నిచ్చెనలు, మెట్లు. పైకి పోవటానికి వీలుకాని చోట కొండ కడుపులోనే సొరంగం తవ్వారు. తోఫానా కొండ పక్కన కాస్తెల్లెత్తో అనే రాతి కొమ్ము ఉన్నది. దానిని వశం చేసుకోవటానికి ఇటలీ సైనికులు లోపలినుంచి సొరంగం తవ్వి, 1916 జులై 11న 35 టన్నుల మందుగుండు పేల్చారు. కొండలో ఒక ముక్క ఎగిరిపోయింది. ఆ సొరంగంలోనుంచే ఇవాళ ఒక ఇనుప దారి మొదలవుతుంది. నెత్తిన దీపం పెట్టుకుని పోవాలి.

తుపాకుల కంటే మంచు ఎక్కువ భయంకరమైంది. 1916 డిసెంబరు 13న మార్మొలాదా కొండ మీద ఒక్క మంచు చరియ విరిగిపడి రెండు వందలకు పైగా సైనికులు చనిపోయారు. యుద్ధం ముగిశాక తుప్పు పట్టిన తాళ్ళు అలాగే వేలాడుతూ ఉండిపోయినవి. తరువాత కొండలెక్కేవాళ్ళు వాటిని తీసి కొత్తవి బిగించి, చూసి సంతోషించటానికి దారులు చేశారు.

ఈ లోయలలో లదీన్ అనే భాష మాట్లాడే జనమున్నారు. సుమారు ముప్పై వేలమందే. వాళ్ళు గద్దలను గురించీ, మార్మట్‌లను గురించీ ఒక పాత కథ చెప్పుకుంటారు. పూర్వం ఫానెస్ రాజ్యంలో ప్రజలకు మార్మట్‌లతో పొత్తు. కష్టకాలంలో వాటి బొరియలే వారికి దాపు. ఆ రాజ్యపు రాణి ఒక పరదేశి రాజును పెళ్ళాడింది. బొరియలలోని జంతువులతో తమకు చుట్టరికమని చెప్పటానికి ఆమెకు సిగ్గు వేసింది, దాచింది. యుద్ధాలంటే ఇష్టమున్న రాజు గద్దలతో పొత్తు కట్టాడు. అతని కూతురు దొలసిల్లాకు గురితప్పని బాణాలు దక్కినవి. ఆమె ముందుంటే గెలవని యుద్ధం లేదు. చివరకు రాజుకు నిధి మీద ఆశ పుట్టి, సొంత రాజ్యాన్నే శత్రువుకు అమ్ముకున్నాడు. మాయోపాయంతో దొలసిల్లా బాణాలు శత్రువుల చేతికి పోయినవి. ఆమె తన బాణాలతోనే చనిపోయింది. రాజు రాయి అయిపోయాడు. ఫల్జారెగో కనుమ దగ్గర కొండ మీద కిరీటం పెట్టుకున్న మొహంలాగా కనబడే రాయి అతనేనట. ‘అబద్ధపు రాజు’ అని ఆ పేరుకు అర్థం చెబుతారు. మిగిలిన ప్రజలు మళ్ళీ మార్మట్‌ల దగ్గరికే పోయి బొరియలలో తలదాచుకున్నారు. వెండి బూరలు మోగే రోజున బయటికి వస్తారట.

బొరియలు తవ్వే జంతువు ఒక పక్షం, దాన్ని తినే పక్షి ఇంకో పక్షం! ఈ కథ అల్లిన ముసలమ్మ ఎవరోగాని కొండను బాగా ఎరిగినదే.

ఇదే ఆల్ప్స్‌లో ఇంకో పెద్ద పక్షి ఉన్నది, గడ్డపు రాబందు. రెక్కలు చాపితే రెండున్నర మీటర్ల పైమాట. మన హిమాలయాలలో కూడా కనబడుతుంది. ఇది తినేది ముఖ్యంగా ఎముకలు. పెద్ద ఎముకను ఎత్తుకుపోయి బండల మీద పడేసి, పగిలిన ముక్కలు మింగుతుంది. అయినా గొర్రెపిల్లలనూ, పసిపిల్లలనూ ఎత్తుకుపోతుందని జనం నమ్మారు. చంపినవాళ్ళకు బహుమానాలిచ్చారు. 1913 నాటికి ఆల్ప్స్‌లో ఆఖరి పక్షి కూడా పోయింది. చేయని నేరానికి శిక్ష!

డెబ్బయి ఏళ్ళ తరువాత మనుషులు తప్పు దిద్దుకోబూనారు. జంతుశాలలలో పుట్టిన పిల్లలను, ఇంకా ఎగరలేని వయసులో తెచ్చి కొండ చరియ మీది గూళ్ళలో పెట్టారు. మొట్టమొదట 1986లో, ఆస్ట్రియాలో హోహె టావెర్న్ కొండలలో. మనుషులు కనబడకుండా మేత పెట్టారు. గుర్తుపట్టటానికి కొన్ని ఈకలకు రంగు తీసి తెల్లగా చేశారు. రెక్కలు వచ్చి ఎగిరిపోయినవి. పదకొండేళ్ళు ఆగవలసి వచ్చింది. 1997లో ఫ్రాన్సు వైపు ఆల్ప్స్‌లో ఒక జంట స్వయంగా గూడు కట్టి పిల్లను ఎగిరించింది. ఇప్పుడు ఆల్ప్స్‌లో వాటి సంఖ్య వందలలో ఉన్నది.

మన సంగతి కూడా ఒక మాట చెప్పాలి. తెలంగాణాలో ఆసిఫాబాదు దగ్గర బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట చరియ మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళున్నట్టు 2013లో కనిపెట్టారు. దేశమంతటా రాబందులు కరువైన రోజులవి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటి పాలిట విషమైంది. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతవి. పశువులకు ఆ మందు వాడరాదని 2006లో ప్రభుత్వం నిషేధించింది. అయినా పాలరాపు గుట్ట మీద తరువాతి సంవత్సరాలలో పక్షులు తగ్గిపోయినవి. అక్కడ ఇనుప దారులూ లేవు, ఎక్కేవాళ్ళూ లేరు.

మాటలలో పడి గైడును మరిచిపోయాం. రొట్టె తినటం అయింది. వాగుకు అవతల ఇంకొక ఇనుప దారి ఉన్నది. అదికూడా ఎక్కుదామని పొద్దుటే అనుకున్నాం. కాని గైడు ఆకాశం వంక చూస్తున్నాడు. గద్ద ఎక్కిన గాలి దాని కంటే పైకి పోయి, అక్కడ చల్లబడి, దూదిపింజలాగా మేఘం అవుతున్నది. ఆ పింజ అరగంటలో గోపురంలాగా పెరిగింది. దాని అడుగు నల్లబడుతున్నది.

గైడు తల అడ్డంగా ఊపాడు.

మీరు బతిమాలుతారు. ఇంకా ఎండ కాస్తున్నది గదా అంటారు. ఇంతదూరం వచ్చామే అంటారు. ఆయన వాదించడు. ఉక్కు తాడు మీద చెయ్యి వేసి, దాన్ని వేలితో పైదాకా చూపిస్తాడు. గోడ పొడుగునా, మేకు నుంచి మేకుకు, కొండ అంచు దాకా ఒకటే లోహం. పిడుగు ఎక్కడ పడినా ఆ తాడు వెంట దిగి వస్తుంది. మీరు రెండు కొక్కేలతో దానికే తగులుకుని ఉంటారు. విప్పుకుంటే పడతారు, విప్పుకోకపోతే పిడుగు. అందుకని మెరుపు కనబడ్డ తరువాత దిగటం కాదు, కనబడకముందే తాడు దగ్గర లేకుండా ఉండాలి.

దిగి అడవిలోకి వచ్చాం. వాన ఇంకా రాలేదు. మీకు లోపల కోపంగానే ఉన్నది. అంతలో వెనక కొండ మీద తళుక్కుమన్నది. ఒకటి, రెండు, మూడు... లెక్క పెట్టండి. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. తొమ్మిది దగ్గర ఉరిమింది. తరువాతి మెరుపుకు అయిదు. ఆ పై దానికి మూడు కూడా లెక్క పెట్టనివ్వలేదు. మనం ఎక్కుదామనుకున్న గోడ వాన తెర వెనక కనబడకుండా పోయింది. గద్ద ఎప్పుడో ఎక్కడో చరియ కిందికి చేరి ఉంటుంది.

కింద రోడ్డు దగ్గర గైడు మీ నడుము పట్టీలు విప్పి, కొక్కేలు రెండూ తుడిచి, కుట్లు పెట్టిన సంచిని వేళ్ళతో తడిమి చూసి, సంచిలో సర్దాడు. వచ్చే ఏడు రమ్మన్నాడు. వచ్చేటప్పటికి ఎన్ని కిలోలుంటావని కూడా అడిగాడు.

మీ ఊళ్ళో బియ్యం కొట్టులో కాటా ఉంటుంది గదా. రేపు సరుకులకు పోయినప్పుడు ఎక్కి చూడండి, నలభై దాటిందో లేదో.